ఎస్తేరు పెద్దమ్మ పూసిన పౌడరు గది

మా పెద్దమ్మ ఎస్తేరు పగ పట్టడంలో గట్టి మనిషి. మెచ్చుకోలుగానే అంటున్నాను. మా ఊళ్ళో చాలామందికి కోపం వస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది, రెండు రోజులకు చల్లారిపోతుంది, మూడోనాడు అదే ఇంటి ముందు నిలబడి మజ్జిగ అడుగుతారు. పెద్దమ్మ అరవలేదు. తొమ్మిదేళ్ళు నోరు మూసుకుని చెప్పిన పనల్లా చేసి, 1946లో ఒక గదికి సున్నం పూసి పగ తీర్చుకుంది.

ఆ గది చెన్నకేశవులు గారి ఇంట్లోది. గురజాలకు నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. ఊరి పొలంలో సగం ఆయనదే. ఊరికి దక్షిణాన వాగు దాటితే మా పల్లె, ముప్పై గడపల క్రైస్తవులం. ఆయన చేలో జొన్న కొయ్యని చెయ్యి, పత్తి తియ్యని చెయ్యి మాలో లేదు. ఆయన భార్య హనుమాయమ్మ. ఆయనకు పొలం మీద ఎంత పట్టో ఆమెకు అంటుముట్టు మీద అంత పట్టు. పల్లె వాళ్ళు వాకిట్లో ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో కంటి కొసతోనే చెప్పేది. మేము వచ్చి వెళ్ళాక మామిడి రెబ్బ పట్టుకుని, మేము నిలబడ్డ చోటా, ముట్టుకున్న చేటా, ఆనుకున్న స్తంభమూ చూసి చూసి పసుపు నీళ్ళు చల్లేది. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పేది కాదు. ఇంట్లో ఎంతమంది పనివాళ్ళున్నా ఇది మాత్రం ఆమె స్వహస్తాలతో జరగాల్సిందే.

పెద్దమ్మ పుట్టింది నరసరావుపేటలో. పన్నెండో ఏట ఒక దొరసాని బంగళాలో ఆయాగా చేరి పదకొండేళ్ళు అక్కడే పెరిగింది. తరువాత మా పెదనాన్న ఇన్నయ్యను చేసుకుని మా పల్లెకు వచ్చింది. పెదనాన్న సున్నం పనివాడు. రాయి కాల్చడం, నానబెట్టడం, గానుగలో తిప్పడం, గోడకెక్కించడం, ఇవన్నీ పెద్దమ్మ ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంది. వాళ్ళ ఒక్క కూతురు దయామణి అక్కకు ఆరేళ్ళప్పుడు పెదనాన్న జ్వరంతో పోయాడు. ఆ తరువాత పెద్దమ్మకు చెన్నకేశవులు గారి చేలే దిక్కు.

ఇక పగ ఎందుకో చెప్పాలి. అది జరిగింది 1937 వేసవిలో. మా పలనాటి ఎండ సంగతి చెప్పేదేముంది, బండలు పేలిపోతాయి. ఆ రోజు పెద్దమ్మ వాళ్ళ దొడ్లో ఆముదాలు దంచుతోంది. దయామణికి ఎనిమిదేళ్ళు, తల్లి వెంట వచ్చింది. ఆ ఇంటి వసారాలో ఒక ఇత్తడి గంగాళం ఉండేది, లోపలికి వెళ్ళేవాళ్ళు కాళ్ళూ మొహమూ కడుక్కోవడానికి. చుట్టూ ఎవరూ లేరనుకుని ఆ పిల్ల వసారా ఎక్కి, రెండు చేతులూ గంగాళంలో ముంచి మొహం కడుక్కుంది. కడుక్కుని దిగిపోతే ఏమీ అయ్యేది కాదు. నీళ్ళు నిలకడైనదాకా ఆగి, అందులో తన మొహం చూసుకుంటూ నిలబడింది. హనుమాయమ్మ తలుపు తీసుకుని వచ్చింది.

ఆమె పిల్లను ముట్టుకోలేదు. ముట్టుకుంటే మళ్ళీ స్నానం చెయ్యాలి కదా. పెద్దమ్మను దొడ్లోంచి పిలిపించి, చింతబరికె ఒకటి నేల మీద పడేసింది.

"నీ పిల్లే గదా. నువ్వే కొట్టు. అందరూ చూసేట్టు కొట్టు" అంది.

ఆ దొడ్లో పదిమంది మా వాళ్ళే ఉన్నారు. పెద్దమ్మ బరికె తీసుకుని తన బిడ్డను తానే కొట్టింది. పిల్ల ఏడవలేదట. తల్లి మొహం వంక చూస్తూ నిలబడిందట.

దెబ్బలు మానిపోయాయి. కానీ ఆ రోజు నుంచి దయామణి తల్లి చేత తల దువ్వించుకోలేదు. తల్లి దువ్వెన పట్టుకుని దగ్గరికి వస్తే లేచి వెళ్ళిపోయేది. తన జడ తానే వేసుకునేది, వంకరగా ఉన్నా సరే. ఒక్క చాప మీద పడుకున్నా గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం పెడితే తినేది, మాట్లాడితే పలికేది, పక్కింటి పిల్లలా మర్యాదగా ఉండేది. పెద్దమ్మకు అది చూసినప్పుడల్లా కడుపు మండిపోయేది. నా బిడ్డను నాకు కాకుండా చేసింది ఆ హనుమాయమ్మ, అని మా అమ్మతో అనేది. పదిమందిలో నన్ను ఎట్లా నిలబెట్టిందో ఆమెను అట్లా నిలబెట్టిన రోజున నా బిడ్డ నా వైపు తిరుగుతుంది, అనేది. ప్రార్థనలో కూడా అదే అడిగేదని నాకు అనుమానం.

తొమ్మిదేళ్ళు గడిచాయి. దయామణి నరసరావుపేటలో టీచరు ట్రైనింగులో చేరింది. చెన్నకేశవులు గారు మల్లుపంచె మానేసి ఖద్దరు కట్టారు. జిల్లా బోర్డు ఎన్నికలు వస్తున్నాయి, ఆయనకు మెంబరు కావాలని మోజు పుట్టింది. ఎవరిని నిలబెట్టాలో తేల్చే వాళ్ళలో గుంటూరు నుంచి అనసూయ గారనే ఆమె ఒకరు. ఆమె పల్లెల్లో తిరిగే మనిషి, అంటరానితనం పేరెత్తితే మండిపడే మనిషి. చెన్నకేశవులు గారు ఈ సంగతి కనుక్కుని మా పల్లెలోనే మీటింగు పెట్టించి, ఆమె పక్కన నిలబడి, "మా ఇంట్లో ఊరు, పల్లె అనే తేడా ఏనాడూ లేదు" అని ఉపన్యాసం ఇచ్చారు. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. కొట్టక ఏం చేస్తారు, మర్నాడు పనికి పోవాలి కదా. అనసూయ గారు నమ్మి, వచ్చే ఆదివారం మీ ఇంటికి భోజనానికి వస్తానని మాటిచ్చింది.

అక్కడ పడింది వాళ్ళింట్లో కంగారు. అంతకుముందు నెల వెల్దుర్తి వైపు ఎవరో ఆమెను భోజనానికి పిలిచి, మొహం కడుక్కుంటానంటే చెంబు చేతికిచ్చి జొన్న చేను చూపించారట. ఆమె తిరిగి వచ్చి కారెక్కి వెళ్ళిపోయిందని జిల్లా అంతా చెప్పుకున్నారు. చెన్నకేశవులు గారికి రెండంతస్తుల మిద్దె ఉంది, గుర్రబ్బండి ఉంది, గ్రామఫోను ఉంది. వచ్చిన ఆడమనిషి తలుపు వేసుకుని మొహం కడుక్కునే చోటు లేదు. అటువంటి గది ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళు ఊరు మొత్తం మీద ఒక్కరే. మా పెద్దమ్మ.

ఆయనే పిలిపించి అడిగారు. "ఎస్తేరూ, దొరసాని బంగళాలో చుట్టాల కోసం ఒక గది ఉంటదంట గదా."

"ఉంటదండి. పౌడరు గది అంటారు. మొహం కడుక్కుని, తల సవరించుకుని, పౌడరు రాసుకుని బయటికొస్తారు."

"అట్టాంటిది మనింట్లో తయారు చెయ్యగలవా, ఎనిమిది రోజుల్లో?"

"చేస్తానండి. కాకపోతే నేను చెప్పినట్టు జరగాల" అంది పెద్దమ్మ. లోపల్నుంచి హనుమాయమ్మ గాజుల చప్పుడు వినిపించిందట. ఆమెకు ఇది ఇష్టం లేదు. కానీ మెంబరుగారి భార్య కావడం ఇష్టమే.

వసారా చివర పత్తి గింజల కొట్టు ఒకటి ఉంది. దాన్ని ఖాళీ చేయించారు. పెద్దమ్మ ముందుగా ఉత్తరపు గోడలో కిటికీ పెట్టించింది. కిందికి మాచర్ల నుంచి నాపరాళ్ళు తెప్పించి, ఇసకతో రుద్ది రుద్ది నల్లగా నిగనిగలాడేట్టు చేయించింది. నడుము ఎత్తున ఒక రాతి బల్ల, దాని మీద పింగాణీ బేసిను, పూల కూజా, సబ్బు పెట్టుకునే చిప్ప. పక్కన తువ్వాలు వేసుకునే కొయ్య. ఒక మూలన చెక్క తడిక చాటున, కింద కుండ పెట్టిన కుర్చీ. అది చూసి హనుమాయమ్మ ముక్కు మూసుకుంటే, "ఇంకా ఎవరూ కూర్చోలేదులే అమ్మగారూ" అంది పెద్దమ్మ.

నరసరావుపేట నుంచి నిలువుటద్దం వచ్చింది, గడ్డిలో చుట్టి బస్సు మీద కట్టుకుని తెచ్చారు. దాన్ని కిటికీకి ఎదురుగా పెట్టమన్నారు చెన్నకేశవులు గారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. వెలుతురు వీపు మీద పడితే మొహం మసిబొగ్గులా కనపడుతుందని, కిటికీ పక్క గోడకు పెట్టించింది. ఎత్తు చూడటానికి హనుమాయమ్మను నిలబడమంది. ఒక్క క్షణం అద్దంలో ఇద్దరి మొహాలూ పక్కపక్కనే కనపడ్డాయి. హనుమాయమ్మ చప్పున పక్కకు జరిగి, పైట సర్దుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి మామిడి రెబ్బతో వచ్చి, పెద్దమ్మ నిలబడిన చోట నేల మీద పసుపు నీళ్ళు చల్లింది. పెద్దమ్మ గుమ్మం బయట నిలబడి ఆ రెబ్బ వైపే చూసింది. ఏం చెయ్యాలో అప్పుడే తెలిసిందని తరువాత మాకు చెప్పేది.

గోడల పని ఆఖరికి పెట్టుకుంది. ఎవరినీ లోపలికి రానివ్వలేదు. బాగా నానిన సున్నాన్ని వెన్నలా వచ్చేదాకా నూరి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు, కోడిగుడ్ల తెల్లసొన కలిపి పూసింది. ఏటి నుంచి తెచ్చిన నున్నటి రాయితో జానెడు జానెడుగా రుద్దింది. తడి ఆరకుండా రాత్రంతా తడిగోతాలు కట్టి ఉంచేది. శనివారం మధ్యాహ్నానికి ఆ గోడలు పెంకు తీసిన గుడ్డులా తయారయ్యాయి. చెన్నకేశవులు గారు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. పల్లెదానికి ఇంత పనితనం ఎక్కడిదని అనుకుని ఉంటారు. అనలేదు, ఖద్దరు కట్టారు కదా.

"అయ్యగారూ, మీ ఎదురుగా చెప్తన్నా" అంది పెద్దమ్మ. "సున్నం ఇంకా పచ్చిగా ఉంది. మూడు రోజులు గోడలకి ఏ నీళ్ళూ తగలకూడదు. బేసిను దగ్గర పడితే పడనీండి, గోడ మీదికి మాత్రం వొద్దు."

"విన్నావా" అన్నారాయన భార్యతో.

"విన్నాలే" అంది హనుమాయమ్మ.

ఆయన వెళ్ళిపోయాక పెద్దమ్మ అరచేతులు రెండూ గోడ మీద ఆనించి, కింద నుంచి పైదాకా నిమిరింది. "మూల మూలా నా చేత్తోనే రుద్దాను అమ్మగారూ. ఈ గదిలో నా చెయ్యి తగలని చోటు జానెడు కూడా లేదు" అంది నవ్వుతూ. ఆ నవ్వు ఎట్లా ఉండేదో నాకు తెలుసు, ఈ కథ చెప్పిన ప్రతిసారీ నవ్వి చూపించేది. హనుమాయమ్మ నవ్వలేదు. గోడల వంక పైనుంచి కిందిదాకా చూసింది.

ఆదివారం పొద్దున మా పల్లెలో ప్రార్థన. ఆ రోజు పాస్టరు గారు క్షమించడం గురించి చెప్పారట. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది, చెవి మాత్రం ఊరివైపు పెట్టింది. కారు వాగు దాటిన చప్పుడు వినపడింది. ఇంకో అరగంటకు జీతగాడు పరుగెత్తుకుంటూ వచ్చి, అయ్యగారు నిన్ను ఉన్నపళంగా రమ్మంటున్నారని చెప్పాడు. పెద్దమ్మ ఆఖరి పాట పూర్తయ్యాకే లేచింది.

జరిగింది ఇది. తెల్లవారుజామున హనుమాయమ్మ తలారా స్నానం చేసి, చెంబెడు పసుపు నీళ్ళు కలుపుకుని గదిలోకి వెళ్ళింది. ఇంటికి వచ్చే పెద్దమనిషి పల్లెదాని చెయ్యి తగిలిన గోడల మధ్య మొహం కడుక్కోవడమా. నేలంతా చల్లి, తరువాత గోడల మీద కూడా నిండుగా చల్లింది. వాళ్ళింటి లోపలి గోడలకు ఎప్పుడూ ఊరివాళ్ళే వెల్ల వేసేవారు, వాటికి శుద్ధి చేసే అవసరం ఆమెకు ఏనాడూ రాలేదు. మనవళ్ళకు దిష్టి తీసేటప్పుడు పసుపులో ఇంత సున్నం కలిపితే నీళ్ళు ఎర్రగా మారతాయని ఆమెకు తెలియదా. తెలుసు. అది పళ్ళెంలో తెలుసు, గోడ మీద తోచలేదు. పడ్డ ప్రతి చుక్కా ఎర్రబడింది. ఎర్ర చారలు కిందికి కారాయి. కంగారుపడి తడిగుడ్డతో తుడిచింది. తుడిచిన కొద్దీ అంతటా పులుముకుంది. ఇక చేసేది లేక మంచం మీది తెల్ల దుప్పట్లు తెచ్చి గోడల నిండా మేకులు కొట్టి వేలాడదీసింది.

అనసూయ గారు వచ్చి, గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుంది. మొహం కడుక్కుని, చెయ్యి తుడుచుకోవడానికి తువ్వాలు అనుకుని దుప్పటి పట్టుకుంది. వెనకంతా ఎర్రగా తడిసిన దుప్పటి ఊడి కింద పడింది. ఆమె ఎర్రటి అరచేత్తో బయటికి వచ్చి, "ఎవరికైనా దెబ్బ తగిలిందా ఇక్కడ?" అని అడిగింది. వసారాలో ఊరి పెద్దలంతా ఉన్నారు. చెన్నకేశవులు గారు లోపలికి తొంగి చూసి, గొర్రెను కోసినట్టున్న ఆ గోడలు చూసి, ఎస్తేరును పిలవండిరా అని కేక పెట్టారు.

పెద్దమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది. "ఏంది ఈ పని?" అన్నారాయన.

"నేను పూసింది తెల్ల సున్నమండి. నిన్న మీరే చూశారు. నీళ్ళు తగలనీయొద్దని మీ ఎదురుగానే చెప్పాను."

అనసూయ గారు గుంటూరు పట్నంలో ఉన్నా తెలుగింటి ఆడమనిషే. తన చెయ్యి వాసన చూసుకుంది. "ఇది పసుపు. గోడల మీద పసుపు నీళ్ళు ఎవరు చల్లారు?"

"నేనేనండి" అంది హనుమాయమ్మ.

"ఎందుకు?"

కొత్త గదికి శుభమని చల్లాను అంటే సరిపోయేది. చెన్నకేశవులు గారు కళ్ళతో సైగ కూడా చేశారు. కానీ హనుమాయమ్మకు అబద్ధం ఆడే అలవాటు లేదు. పైగా అందులో దాచాల్సింది ఏముందో ఆమెకు అర్థం కాలేదు. చుట్టానికి మర్యాద చేశానని చెప్పుకునే అవకాశం వచ్చిందనుకుంది.

"ఆ పల్లెది పూసిన గోడలండి. మూల మూలా చేత్తో అంతా పామింది. శుద్ధి చెయ్యకుండా మిమ్మల్ని ఎట్టా లోపలికి పంపిస్తాం. మా ఇంట్లో అట్టాంటి పొరపాటు ఏనాడూ జరగదండి."

అనసూయ గారు చెన్నకేశవులు గారి వైపు తిరిగి, "మొన్న మీరు చెప్పింది నేను నమ్మానండీ" అంది. అంతే. విస్తళ్ళు వేసి ఉన్నాయి, వేటమాంసం ఉడికి ఉంది, ఆమె ఎర్ర చెయ్యి కూడా కడుక్కోకుండా కారెక్కింది. సీటు కారంపూడి వైపు ఇంకెవరికో ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం ఊరి పెద్దలు ఇంకా వసారాలో ఉండగానే చెన్నకేశవులు గారు భార్యను బయటికి పిలిచారు. ఒక కొబ్బరిపీచు, బకెట్టు ఆమె ముందు పడేశారు. "నువ్వే కడుగు. అందరూ చూస్తారు, కడుగు" అన్నారు. హనుమాయమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని గోడ రుద్దింది. రుద్దితే పోయే ఎరుపు కాదు అది. పెద్దమ్మను వెళ్ళమని ఎవరూ అనలేదు, ఆమె వెళ్ళలేదు. గుమ్మం ఎదురుగా నిలబడి కళ్ళారా చూసింది. జాలి పడ్డావా పెద్దమ్మా అని నేనొకసారి అడిగితే, "ఎందుకు పడాల? నా కడుపు చల్లగా ఉంది ఆ పూట" అంది.

చాలాసేపటికి హనుమాయమ్మ తల తిప్పింది. "నీకు తెలుసు గదే" అంది మెల్లగా.

"తెలుసు అమ్మగారూ."

"నేనేం చేశానే నీకు?"

"నా బిడ్డను నా చేత కొట్టించావు."

హనుమాయమ్మ పీచు పట్టుకుని కాసేపు ఆలోచించింది. "ఏ బిడ్డే?" అంది.

ఆమెకు గుర్తు లేదు. పెద్దమ్మ అప్పుడు గడప దాటి లోపలికి వెళ్ళి, ఆమెకు జానెడు దూరంలో నిలబడి, గంగాళం దగ్గర నుంచి చింతబరికె దాకా పూసగుచ్చినట్టు చెప్పి, బయటికి వచ్చింది. ఆ రోజు ఆమె నడిచిన చోట ఎవరూ పసుపు నీళ్ళు చల్లలేదు.

పెద్దమ్మ ఈ కథను ముప్పై ఏళ్ళు చెప్పింది. పెళ్ళిళ్ళలో చెప్పింది, పత్తి తీస్తూ చెప్పింది, మేము అడక్కపోయినా చెప్పింది. ఎప్పుడూ ఇక్కడికే ఆపేది. మిగతాది ఆమె పోయాక దయామణి అక్క నాకు చెప్పింది.

తరువాతి శనివారం అక్క నరసరావుపేట నుంచి ఇంటికి వచ్చిందట. పెద్దమ్మ కోడిని కోసి, కూర వండి, ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఎర్ర గోడలు, పీచు, మోకాళ్ళు, ఏదీ వదల్లేదు. అక్క అన్నం కలుపుకుంటూ వింది. పెద్దమ్మ చెప్పడం అయిపోయాక దువ్వెన తీసుకుని అక్క వెనక్కి వెళ్ళి కూర్చుంది.

"ఇక తీరిపోయింది గదే తల్లీ. ఇటు తిరుగు, దువ్వుతాను" అంది.

అక్క తిరగలేదు.

"నాకు ఆమె మీద కోపం లేదమ్మా" అంది.

"మరి ఎవరి మీదే?"

అక్క చెయ్యి కడుక్కుని వచ్చి, చెప్పిందట. "మూడో దెబ్బకే ఆమె చాల్లే అంది. నీకు వినపడింది. నువ్వు ఆమె మొహం వంక చూసి, మళ్ళీ నా వైపు తిరిగి ఇంకా కొట్టావు. నేను లెక్కపెట్టాను, ఇంకా ఆరు. ఎందుకమ్మా?"

పెద్దమ్మ దువ్వెన పళ్ళు వేలితో లాగుతూ కూర్చుంది. కాదు అనలేదు, గుర్తు లేదు అనలేదు.

"ఆమెను కొట్టలేక" అంది.